కొండగట్టు కింద రెండు దినాల క్యాంపు పెడితె కేడెట్లకు ఏం నేర్పాలె?

సర్వైవల్ క్యాంపు అనంగనె మన పోరగాండ్ల కండ్ల ముందటికి టీవీల చూసిన అడివి వస్తది. నడుముకు పెద్ద కత్తి, మొఖానికి మసి, పురుగును పట్టి పచ్చిగ నమిలే మనిషి. 2019 ఆగస్టుల ప్రధాని మోదీతోని జిమ్ కార్బెట్ అడివిల తీసిన ‘మ్యాన్ వర్సెస్ వైల్డ్’ ఎపిసోడ్ వచ్చినంక ఈ పిచ్చి ఇంకింత ఎక్కువైంది. చూడనీకె మంచిగనె ఉంటది. గని తమ్మీ, చెల్లే, ఒక్కటి ఆలోచించున్రి. అడివిల తప్పిపోయి పురుగులు తినే గతి మన జిల్లాల ఎంతమందికి పడ్తది? మన దిక్కు మనుషులు చచ్చేది పాము కరిచి, పిడుగు పడి, వాగు ముంచి, ఎండదెబ్బ తగిలి, బండి బోల్తా కొట్టి. గందుకె ఎన్‌సీసీ కేడెట్లకైన, స్కౌట్లకైన, ఊర్ల యువజన సంఘం పిల్లలకైన శనివారం, ఆదివారం క్యాంపు పెడితె ఈ అయిదింటి చుట్టు పెట్టాలె అనేది నా మాట.

బుష్‌క్రాఫ్ట్ అంటె పెద్ద బ్రహ్మవిద్య ఏం గాదు. తక్కువ సామాన్లతోని అడివిల బతికే ఎరుక. నిప్పు చేసుడు, నీళ్లు దేవులాడుడు, నీడ కట్టుకునుడు, దిక్కు గుర్తుపట్టుడు, తాడు ముడి వేసుడు. ఇంగ్లీషోళ్లు దానికొక పేరు పెట్టి, పుస్తకాలు రాసి, ఫీజు పెట్టి నేర్పుతున్నరు. మన గొల్లకుర్మలు, గౌండ్లోళ్లు, బెస్తోళ్లు, నాయకపోళ్లు, ఆదిలాబాద్ గోండులు, కొలాములు పేరు పెట్టకుంట బతికిండ్రు. తేడా గంతే.

ఈ శిక్షణల ఒక లెక్క చెప్తరు, మూళ్ల లెక్క. ఊపిరి అందకుంటె మనిషి మూడు నిమిషాలు, విపరీతమైన ఎండల, చలిల నీడ లేకుంటె మూడు గంటలు, నీళ్లు లేకుంటె మూడు దినాలు, తిండి లేకుంటె మూడు వారాలు. ఇది అంచనా లెక్కే, గడియారం లెక్క కాదు. కని వరుస చూడున్రి: తిండి ఆఖరుకున్నది. టీవీ ప్రోగ్రాంల తిండి మొదటికి వస్తది, ఎందుకంటె పురుగు తింటె జనం చూస్తరు. ఊపిరి, నీడ, నీళ్లు ముందు నేర్పే క్యాంపు అయితెనె అసలైన క్యాంపు.

కొండగట్టు ఎందుకంటరా? జగిత్యాల జిల్లా మల్యాల మండలం ముత్యంపేట దగ్గర ఈ గుట్ట. ఆంజనేయుడు సంజీవని కొండను మోసుకపోతుంటె ఒక తునక విరిగి ఈడ పడ్డదని పెద్దలు చెప్తరు. కథ నమ్మినా నమ్మకున్నా, గుట్ట మీద మూలికలున్నయని పక్క ఊర్లోళ్లందరు అంటరు. గుండ్లు, లోయలు, ఆకురాలే అడివి, కోతులు, గుట్ట కిందనె నాచుపల్లిల జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ. నేర్పనీకె కావల్సిన నేలంత ఈడనె ఉన్నది. ఇంకో కారణం గూడ ఉన్నది, అది మర్వలేనిది.

2018 సెప్టెంబర్ 11న శనివారంపేట నుంచి జగిత్యాలకు పోయే ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు మీదికెల్లి లోయల పడ్డది. బస్సుల నూరు మందికి పైగ ఉండిరి. అరవై మందికి పైగ పోయిండ్రు. ఒకరి మీద ఒకరు పడి ఊపిరాడక పోయినోళ్లు అందుల మస్తు మంది. ముందుగాల లోయలకు దిగింది అంబులెన్సు కాదు, పోలీసులు కాదు. పక్కపొంటి ఉన్న మనుషులు, దారిన పోయేటోళ్లు. ఎక్కడైన గింతే: ప్రమాదం అయిన మొదటి పావుగంట మన చేతులల్లనే ఉంటది. డాక్టర్ తర్వాత వస్తడు.

అందుకె క్యాంపుల శనివారం పొద్దుగాల మొదటి పాఠం నిప్పు రాజేసుడు కావద్దు. పడిపోయిన మనిషిని ఎట్ల ముట్టాలె అనేది కావాలె. మీద పడ్డ బరువు తియ్యాలె, ఊపిరి ఆడుతున్నదా చూడాలె, నోట్లె రక్తమో కక్కో ఉంటె పక్కకు తిప్పి కారనియ్యాలె. స్పృహ లేకుంట ఊపిరి మాత్రం ఆడుతున్నోన్ని వెల్లకిల వదిలితె నాలుక వెనక్కి జారి గొంతు మూస్తది, పక్కకు ఒత్తిగిలి పండబెట్టాలె. మెడకు దెబ్బ తగిలిందని అనుమానముంటె తల, మెడ, నడుము ఒక్క కట్టెలెక్క ఒకేసారి తిప్పాలె, నలుగురు పట్టాలె. కాళ్లు చేతులు పట్టి బస్తా లెక్క లేపితె బతికెటోడు గూడ మంచానికి పడ్తడు. రక్తం ధారగ కారుతుంటె శుభ్రమైన బట్ట పెట్టి గట్టిగ ఒత్తాలె, మాటిమాటికి తీసి చూడొద్దు. నీళ్లు తాపుతం అని స్పృహ లేనోని నోట్లె పొయ్యొద్దు, అవి ఊపిరితిత్తులకు పోతయి. ఇదంత రెండు గంటల పని. ఒకరు పండుకోవాలె, నలుగురు లేపాలె, మళ్ల మార్చుకోవాలె.

‘పోలీసుల తిరుగుడు మాకెందుకు’ అని ఇంక గూడ భయపడెటోళ్లున్నరు. 2019ల మోటారు వాహనాల చట్టం మార్చి 134ఏ అనే సెక్షన్ పెట్టిండ్రు. మంచి మనసుతోని సాయం చేసినోన్ని కేసుల ఇరికియ్యరాదు, పేరు చెప్పుమని బలవంతం చెయ్యరాదు. ఈ ముక్క క్యాంపుల గట్టిగ చెప్పాలె.

ఇగ పాము ముచ్చట. దీని మీద ఎక్కువ సేపు కూసుంట, ఎందుకంటె దీంట్లనె మనం ఎక్కువ ఆగమైతున్నం. 2000 నుంచి 2019 దాక మన దేశంల పాము కాటుకు ఏడాదికి సగటున 58,000 మంది పోయిండ్రని 2020ల అచ్చయిన పెద్ద పరిశోధన లెక్క తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017ల దీన్ని ఎవరు పట్టించుకోని జబ్బుల జాబితాల పెట్టింది. పట్టించుకోంది ఎందుకంటె, చచ్చేది కైకిలోళ్లు, రైతులు, నేల మీద పండే పిల్లలు. పట్నంల అపార్ట్‌మెంట్ల ఉండెటోళ్లు కాదు.

మన దేశంల ప్రాణాలు ఎక్కువ తీసే పాములు నాలుగు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. దవాఖానల ఇచ్చే విరుగుడు సూది ఈ నాలుగింటికి కలిపి చేసిందే. అంటె ఏ పాము కరిచిందో తెల్వకున్న వైద్యం ఆగది. పామును చంపి సంచిల వేసుకొని దవాఖానకు పోయే పని లేనే లేదు. దాని వెంట పడితె రెండో మనిషిని కరుస్తది, టైం పోతది.

నాలుగింట్ల కట్లపాము ముచ్చట వేరే. అది రాత్రి పూట తిరుగుతది, నేల మీద పండుకున్నోళ్లను కరుస్తది. కోరలు సన్నగ ఉంటయి, నొప్పి ఉండది, గాటు కండ్లకు కనవడది. తెల్లారుజామున కడుపుల నొప్పి అంటడు, కండ్ల రెప్పలు వాలుతయి, మాట ముద్దముద్దగ వస్తది. ఇంట్లోళ్లు అజీర్తి అనుకొని సోడా తాపుతరు. అండ్లనే టైం అయిపోతది. వానకాలంల నేల మీద పండి, తెల్లారంగ రెప్పలు వాలితె పాము అనుకొనె దవాఖానకు ఉరకాలె. మంచం మీద పండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటె సగం గండం పోయినట్టె. సర్వైవల్ అంటె ఇది.

కరిచినంక ఏం చెయ్యాలె? నడవనియ్యొద్దు, ఉరకనియ్యొద్దు. విరిగిన కాలుకు కట్టె కట్టినట్టు కట్టి కదలకుంట ఉంచాలె. ఉంగరాలు, కడియాలు, మెట్టెలు తియ్యాలె, వాపు వస్తె కోసుకుంటయి. కరిచిన టైం రాసుకోవాలె. 108కి ఫోన్ చెయ్యాలె, లేటయితదంటె బండి మీద నడుమ కూసోబెట్టుకొని పోవాలె. చెయ్యరానియి: బ్లేడుతోని కోసుడు, నోటితోని పీల్చుడు, తాడుతోని బిగ్గట్టుడు, మంత్రానికి పోవుడు. తాడు బిగ్గడితె రక్తం ఆగి కాలే పోయే ప్రమాదముంటది. మంత్రం వేసెటోని కాడ బతికినోళ్లు ఉన్నరంటరు. ఉన్నరు, విషం లేని పాములు కరిచినోళ్లు. విషమున్న పాము సుత కరిచిన ప్రతిసారి విషం ఎక్కియ్యది. దాంతోనె ఆయనకు పేరు వస్తది.

క్యాంపుల దీనికి ఒక ఇంటిపని పెట్టాలె. ప్రతి కేడెట్ తన ఊరికి దగ్గర ఏ దవాఖానల పాము మందు ఉన్నదో, రాత్రి పూట డాక్టర్ ఉంటడా లేడా అడిగి తెలుసుకోవాలె. కాగితం మీద రాసి పంచాయతీ ఆఫీసుల గోడకు అంటియ్యాలె. పది మంది పది ఊర్ల ఈ పని చేస్తె, కత్తి తిప్పుడు నేర్చిన నూరు మంది కన్న ఎక్కువ ప్రాణాలు నిలవడ్తయి.

నీళ్ల దగ్గరికి వద్దం. ఎండిన వాగుల ఇసుకను చేతులతోని తోడితె కొద్దిసేపటికి నీళ్లు ఊరుతయి, దాన్నే చెలిమె అంటం. ఆదిలాబాద్ అడివి గూడేలల్ల ఎండకాలం చెలిమె నీళ్లు తాగి బతికిన దినాలు దూరం పోలేదు. ఇసుక మట్టిని ఆపుతది గని రోగాన్ని ఆపది. అందుకె చెలిమె నీళ్లయిన కళపెళ ఒక నిమిషం మరిగించాలె. బురద నీళ్లకు చిల్లగింజ వాడుడు పాత పద్ధతి. గింజను కుండ లోపల గరుకు మీద అరగదీస్తె మట్టి అడుక్కు దిగుతది. అయినంక మరిగించుడు మాత్రం తప్పది.

ఈడ ఒక జాగ్రత్త. చిల్ల చెట్టు, ముష్టి చెట్టు ఒక్క కుటుంబమె, అన్నదమ్ముల లెక్క. ఒకటి నీళ్లు తేట చేస్తది, ఇంకొకటి గింజల్ల స్ట్రిక్నిన్ అనే విషం పెట్టుకొని మనిషిని వంకర్లు తిప్పి చంపుతది. ముష్టి పండు నారింజ రంగుల, చూడనీకె కమ్మగ ఉంటది. ఫోన్ల ఫోటో చూసి చెట్టు గుర్తుపడ్త అంటె కుదరది. ఆ చెట్టు ఎరిగిన మనిషి పక్కన నిలబడి, ఆకు చూపెట్టి, కాయ చూపెట్టి చెప్పాలె. అప్పటిదాక తెల్వని కాయ నోట్లె పెట్టొద్దు. యూట్యూబుల ‘కొంచెం నాకి చూడు’ అని చెప్పే పరీక్షలు మన అడివిల వద్దు.

నీళ్లు తాగేదొకటి, నీళ్లల్ల కొట్టుకపోయేదొకటి. 2023 జులై ఆఖరుకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. ఆ వానకె భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచింది. తెల్లారేసరికి జనం ఇండ్ల మీద, చెట్ల మీద ఉండిరి. హెలికాప్టర్లు వచ్చి తీసుకపొయ్యినయి. అంతకు ముందు ఏడాది 2022 జులైల కడెం ప్రాజెక్టు కట్టకు పట్టని వరద వచ్చి, కింది ఊర్లను ఖాళీ చేపిచ్చిండ్రు. హెలికాప్టర్ వచ్చేదాక ఎవరు ఎట్ల నిలవడాలె అనేది క్యాంపుల నేర్పే విద్యే.

నీళ్లల్ల మునిగెటోన్ని కాపాడనీకె వరుస ఉన్నది. ముందు ఒడ్డు మీదికెల్లి కట్టె, చీర, తువ్వాల చాపు. అందకుంటె తాడో, మూత పెట్టిన ఖాళీ క్యానో ఇసురు. అది గూడ కాకుంటె తెప్ప మీద పో. ఈదుకుంట పోవుడు అన్నింటికన్న ఆఖరు, అది గూడ నేర్చినోడు, నడుముకు తాడు కట్టుకొనె పోవాలె. కాకతీయ కాలువల, చెరువులల్ల ఒకన్ని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మనం ఎండకాలం ఎన్ని చూస్తలేము? కాలువకు సిమెంటు ఒడ్డు జారుతది, పట్టు దొరకది. ఈతగానికి సుత ఎక్కరాదు.

తాడు ముడి అంటరా, ఒక్కటి వస్తె చాలు. బౌలైన్ అంటరు దాన్ని. ఛాతి చుట్టు వేస్తె జారది, గుంజినా కొద్ది బిగుసుకొని ఊపిరి ఆపది, పని అయినంక అల్కగ ఊడుతది. ముడులు నేర్పనీకె గౌండ్ల తాతలను పిలువున్రి. మోకుతోని, ముత్తాదుతోని యాభై అడుగుల తాటిచెట్టు ఎక్కెటోళ్లకన్న తాడును నమ్మెటోళ్లు ఎవరుంటరు? వాళ్ల దగ్గర నుంచి క్యాంపుకు, క్యాంపు నుంచి వాళ్లకు గూడ విద్య పోవాలె. చెట్టు మీదికెల్లి జారి గీత కార్మికులు పడుతుండ్రని 2024 జులై 14న రాష్ట్ర ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు ఇచ్చుడు మొదలువెట్టింది. కొండలెక్కెటోళ్లు వాడే తీరు పట్టీలు, తాళ్లే అవి. కొండ విద్య తాటిచెట్టు కాడికి వచ్చిందన్నట్టు.

పిడుగు గురించి నాలుగు మాటలు. 2022ల దేశంల పిడుగులకు 2,887 మంది పోయిండ్రని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. చేన్ల ఒంటరి చెట్టు కిందికి ఉరుకుడె పెద్ద తప్పు. మెరుపు కనవడ్డంక ముప్పై లెక్కపెట్టే లోపట ఉరుము ఇనవడితె పిడుగు దగ్గర్లనె ఉన్నట్టు, పక్కా ఇంట్లకో, అద్దాలెక్కిచ్చిన కారులకో పోవాలె. ఆఖరు ఉరుము ఇనవడ్డంక అరగంట దాక బయటికి రావొద్దు. పుణె వాతావరణ సంస్థ చేసిన ‘దామిని’ యాప్ ఫోన్ల వేసుకుంటె మన చుట్టుపక్కల పిడుగులు పడుతున్నయని ముందే చెప్తది. రీల్స్ యాప్ కన్న తక్కువ జాగ తింటది.

గుడ్డెలుగు ముచ్చట గుండ్లు ఉన్న ఊర్లోళ్లకు చెప్పే పని లేదు. ఇప్పపువ్వు రాలే దినాలల్ల తెల్లారుజామున ఒంటరిగ పోవద్దు, గుంపుగ, మాట్లాడుకుంట పోవాలె. దానికి చూపు తక్కువ, ఉలిక్కిపడితె మీదికి వస్తది.

దిక్కు తెలుసుకునుడు సులువు. కట్టె నాటి నీడ కొసకు రాయి పెట్టు, పావుగంట ఆగి మళ్ల నీడ కొసకు రాయి పెట్టు. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. రాత్రి అయితె మన రైతులకు గొర్రుకొయ్యలు ఎరుకనె, వరుసగ మూడు చుక్కలు. అవి పొడిచేది దాదాపు నికరమైన తూర్పున, కుంగేది పడమట. ప్రపంచంల యాడ నిలవడి చూసినా గంతే. ఈ సంగతి తాతలకు తెలుసు, మనకు గూగుల్ మ్యాపు తెలుసు. బ్యాటరీ అయిపోతె తాతలే గెలుస్తరు.

నేర్పెటోళ్లు ఎవరు అనేది అసలు ప్రశ్న. 2023 మే 1న కొలంబియా దేశంల అమెజాన్ అడివిల చిన్న విమానం కూలింది. పెద్దోళ్లు ముగ్గురు పోయిండ్రు. ఆదివాసీ పిల్లలు నలుగురు మిగిలిండ్రు, పెద్ద బిడ్డకు 13 ఏండ్లు, చిన్నోనికి ఏడాది నిండలేదు. నలబై దినాలకు, జూన్ 9న, నలుగురు పానంతోని దొరికిండ్రు. విమానంల ఉన్న కర్రపెండలం పిండి, అడివి పండ్లతోని బతికిండ్రు. ఏ పండు తినాలె, ఏది తినొద్దు అనేది వాళ్లకు ఇంట్ల, అమ్మమ్మ నేర్పిన ఎరుక. సైన్యం సుత వెతకనీకె ఆదివాసీలను తోలుకపోయింది. మన క్యాంపులల్ల మాత్రం పట్నం నుంచి వచ్చిన కోచ్ మైకు పడ్తడు, గుట్ట కింది పసులకాపరి దూరం నిలవడి చూస్తడు. ఆయనను గుడ ముందట కూసోబెట్టి, రోజు కూలికి తక్కువ కాకుంట పైసలిచ్చి మాట్లాడించాలె.

పట్నం కోచులు వద్దని నేను అంటలేను. రాయి ఎక్కుడు, తాడు మీద దిగుడు లెక్క ప్రకారం నేర్వాలె, అండ్ల నాటు తెలివి పనికిరాది. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా పోరడు ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కుడు నేర్చిండ్రు, డార్జిలింగ్ పోయిండ్రు, లడఖ్ చలిల తిరిగిండ్రు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిండ్రు. పూర్ణకు అప్పుడు 13 ఏండ్ల 11 నెలలు. శేఖర్ బాబు బాచినేపల్లి అసొంటి పర్వతారోహకులు మెట్టు మెట్టు నేర్పుతెనె అది అయింది. ఒక శనివారం నేర్చి ఆదివారం ఎక్కలేదు.

రెండు దినాల క్యాంపుతోని ఎవరు వీరులు గారు. మన పిల్లలు ఎన్‌సీసీల చేరేది ఎక్కువ మంది ‘సి’ సర్టిఫికెట్ కోసం, ఫౌజుల, పోలీసుల ఉద్యోగం కోసం. తప్పు లేదు, ఇంటి పరిస్థితి గట్లుంటది. ఎన్‌సీసీ 1948ల పుట్టినప్పటి సంది డ్రిల్లు, తుపాకి, మ్యాపు చదువుడు నేర్పుతనే ఉన్నది. ఇప్పుడు కేంద్రం ‘యువ ఆపద మిత్ర’ అని ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, స్కౌట్స్ పిల్లలకు విపత్తుల శిక్షణ ఇచ్చే పథకం తెచ్చింది. మీ కాలేజీ దాంట్ల ఉన్నదా అని ప్రిన్సిపాల్ సార్‌ను అడుగున్రి. కాలేజీల సదవని పిల్లలు, కైకిలికి పోయే పిల్లలు దాంట్ల లెక్కకు రారు. పాము ముందుగాల కరిచేది మాత్రం వాళ్లనే. అందుకె క్యాంపుల పది సీట్లయిన ఊరోళ్లకు ఇడవాలె. అండ్ల ఆడపిల్లలు సగం ఉండాలె, వాళ్లకు తలుపున్న పాయఖాన, ఒక మేడం ఉండాలె.

ఇగ పెట్టదల్చుకున్నోళ్లకు. రిజర్వ్ అడివిలకు పోవాలంటె అటవీ శాఖ అనుమతి కావాలె, అండ్ల నిప్పు పెట్టుడు నేరం. మాఘం దాటితె మోతుకాకులు ఎండి అగ్గిపుల్ల కోసం చూస్తుంటయి. అందుకె నిప్పు పాఠం గుట్ట కింద ఖాళీ చెలకల, మూడు రాళ్ల పొయ్యి పెట్టి, పక్కన రెండు బిందెల నీళ్లు పెట్టుకొని చెయ్యాలె. తిండి మోతుకాకు ఇస్తార్లల్ల తినున్రి, ప్లాస్టిక్ ప్లేట్లు తెస్తె కోతులు గుట్ట నిండ పరుస్తయి. నవంబర్ నుంచి జనవరి దాక మంచి కాలం. మంగళవారం, శనివారం అంజన్న దగ్గర జనం కిక్కిరిసి ఉంటరు, ఘాట్ రోడ్డు మీద బండ్లు ఎక్కువ. శనివారం క్యాంపు అయితె పిల్లలను చీకటితోనె గుట్ట కిందికి చేర్చాలె. ఒక్క బస్సుల పట్టేదానికన్న ఒక్కరిని గూడ ఎక్కువ ఎక్కించుకోవద్దు.